దగ్గరి తరంగం, దూరపు మాట

వంశధార ఒడ్డున ఉన్న మా ఊళ్లో పంచాయితీ కార్యాలయం గోడకు ఒక కొయ్యపెట్టె ఉండేది. పెట్టెకు తాళం. లోపల రేడియో. ఆ పెంకుటింటి కొప్పున లౌడుస్పీకరు. దానిని మా ఊరివారందరూ గొట్టమనే వ్యవహరించేవారు. సాయంకాలం పశువులు ఇళ్లకు చేరే వేళకు పంచాయితీ గుమాస్తాగారు వచ్చి, జేబులోనుంచి తాళపుచెవి తీసి, పెట్టె తెరచి, మీట త్రిప్పేవారు. ముందు కొంతసేపు గరగర; తరువాత విశాఖపట్నం. నేను అప్పటికి ఎనిమిది తొమ్మిదేండ్లవాడిని. అంటే 1970వ దశకపు చివరి సంవత్సరాలన్నమాట. ఒకసారి గుమాస్తాగారు తాళపుచెవితో సహా మేనకోడలి పెండ్లికి తరలిపోగా ఊరు ఊరంతా మూడు రోజులు మూగపోయింది. నాలుగవనాడు ఆయన బస్సు దిగీ దిగగానే పెద్దలు చుట్టుముట్టి అడిగిన మాటలు ఇక్కడ వ్రాయదగినవి కావు.

ఆ గొట్టం ద్వారా మేము విన్నవి ఎన్నో. వ్యవసాయపు సలహాలు, తుఫాను సూచనలు, నాటికలు, కచేరీలు. వానిలో చాలా భాగం మరచిపోయాను. ఒక ఆదివారం సంగతి మాత్రం మరపురాదు. శ్రోతలు కోరిన పాటలు వేసేటప్పుడు పాటకు ముందు కోరినవారి పేర్లూ వారి ఊళ్ల పేర్లూ వరుసగా చదవటం ఆనాటి ఆనవాయితీ. పలాస, బొబ్బిలి, చీపురుపల్లి, పాతపట్నం అని చదువుకుంటూ పోతున్న ఆ గొంతు హఠాత్తుగా మా ఊరి పేరు పలికింది. మా అన్నయ్య నెల రోజుల క్రిందట ఎవరికీ చెప్పకుండా ఒక పోస్టుకార్డు వ్రాసి డబ్బాలో వేసి ఊరుకున్నాడట. మా అమ్మ చేతిలోని చేట క్రింద పెట్టి, "మనూరి పేరు సెప్పినాడురా, మనూరి పేరు!" అన్నది. ఆ తరువాత ఏ పాట వచ్చిందో ఇంట్లో ఒక్కరికీ జ్ఞాపకం లేదు.

ఇంత పాత ముచ్చట ఇప్పుడెందుకంటే, 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశంలోని 234 క్రొత్త పట్టణాలలో 730 ప్రైవేటు ఎఫ్.ఎం. రేడియో మార్గాలను వేలం వేయటానికి అనుమతించింది. వానిలో ఆంధ్రప్రదేశ్ పట్టణాలు 22. ఆ పట్టికలో శ్రీకాకుళం పేరున్నది, విజయనగరం పేరున్నది. వార్త చదివిన నాటినుంచి నన్నొక ప్రశ్న వదలటం లేదు. రేపు ఈ ఊళ్లోనే స్తంభం లేచి, ఈ ఊరి గాలిలోనే తరంగం ప్రసరించిననాడు, అందులో మా అమ్మ మాట్లాడిన మాట వినబడుతుందా? దీనికి సమాధానం వెదకాలంటే విశాఖ దాకా పోవలసిందే. మనకు రాబోయే ముచ్చట అక్కడ ఇరవై ఏళ్లుగా జరుగుతూనే ఉన్నది.

తెలుగువారికి రేడియో మొదట పరాయి ఊళ్లలోనుంచే మాట్లాడింది. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం ప్రారంభమై, తమిళంతో పాటు తెలుగు కార్యక్రమాలను కూడా వినిపించింది. హైదరాబాదులో నైజాము ప్రభుత్వం నడిపిన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వెలసింది. మనకు పొరుగున ఉన్న బరంపురంలో పుట్టిన న్యాయపతి రాఘవరావుగారు సతీమణి కామేశ్వరిగారితో కలిసి మద్రాసు కేంద్రంనుంచి రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా తెలుగు పిల్లలందరికీ ఆప్తులైనారు. అయినా నాగావళి, వంశధార తీరాలకు ఆ కేంద్రాలన్నీ దూరపు చుట్టాలే. రాత్రిపూట లీలగా వినబడేవి. ఉరుము ఉరిమితే మాయమయ్యేవి. కేస్కర్‌గారు కేంద్ర సమాచార ప్రసార శాఖామాత్యులుగా ఉన్న కాలంలో సినిమా పాటలకు ఆకాశవాణి తలుపు మూసింది. ఆ పాటలకోసం మనవారు సముద్రం దాటి సిలోను కేంద్రాన్ని ఆశ్రయించారు. ఈ పోటీకి తట్టుకోలేకనే 1957 అక్టోబరులో వివిధభారతి పుట్టిందని చెప్పటం న్యాయం.

1963 ఆగస్టు 4న విశాఖపట్నం కేంద్రం ప్రారంభమైనది. ఉత్తరాంధ్రకు సొంత గొంతు వచ్చిన రోజు అది. 927 కిలోహెర్ట్జ్ అనే ఆ సంఖ్య మా తరంవారికి ఇంటి నంబరంత పరిచయం. ఆ కేంద్రపు తరంగం పొడవు సుమారు 324 మీటర్లు. ఇంత పొడవైన తరంగాన్ని మధ్యతరంగమంటారు. అది నేలను అంటిపెట్టుకొని, గుట్టలను చుట్టి, లోయలలోనికి దిగి, చాలా దూరం పాకుతుంది. అందుచేతనే విశాఖలో పలికిన మాట నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి మా పంచాయితీ గోడమీది పెట్టెలో పలకగలిగింది.

ఎఫ్.ఎం. తరంగపు స్వభావం వేరు. పాఠకులలో విద్యార్థులు ఉన్నారు గనుక ఈ భేదాన్ని ఒకింత వివరిస్తాను. శబ్దాన్ని తరంగంమీద ఎక్కించటానికి రెండు పద్ధతులు. తరంగపు ఎత్తును శబ్దానుసారంగా పెంచుతూ తగ్గిస్తూ పోవటం మొదటిది. పాత రేడియోలన్నీ ఆ కోవకు చెందినవే. మెరుపు మెరసినా, ప్రక్క ఇంట్లో పిండిమర తిరిగినా, వాని విద్యుత్తు కూడా ఆ ఎత్తులనే చెదరగొడుతుంది. అదే మనము విన్న గరగర. అమెరికా దేశపు ఇంజనీరు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఎత్తు జోలికి పోక, సెకనుకు తరంగం ఎన్నిసార్లు ఊగుతుందో ఆ సంఖ్యను శబ్దానుసారంగా మార్చే పద్ధతిని సాధించి 1933లో హక్కులు పొందినాడు. ఇందులో ఉరుము వచ్చి తరంగపు ఎత్తును కదిలించినా, యంత్రం ఎత్తును లెక్కచేయదు గనుక మాట చెదరదు. వీణ తీగ మీది గమకం కూడా స్పష్టంగా వినబడుతుంది.

అయితే ఈ గుణానికి ఒక వెల ఉన్నది. 100 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగపు పొడవు 3 మీటర్లే. అంత పొట్టి తరంగం నేలను పట్టుకొని పాకలేదు. దాదాపు చూపు సాగినంత మేరకే సాగుతుంది. నూరు మీటర్ల స్తంభంమీదనుంచి పంపితే సుమారు 40 కిలోమీటర్ల దూరానికి భూమి వంపు అడ్డు వస్తుంది. కొండమీద స్తంభం నాటితే ఇంకొంత దూరం. మధ్యలో మరొక కొండ ఉంటే దాని వెనుకవారికి నీడ. విశాఖ ఎఫ్.ఎం. శ్రీకాకుళంలో వినబడకపోవటానికి ఎవరి పక్షపాతమూ కారణం కాదు, భూమి గుండ్రంగా ఉండటమే కారణం. కనుక ఎఫ్.ఎం. పుట్టుకతోనే ఊరి తరంగం. ఏ ఊరికి ఆ ఊరు పెట్టుకోవలసినది. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి.

మన దేశంలో మొదటి ఎఫ్.ఎం. ప్రసారం 1977 జూలై 23న మద్రాసు ఆకాశవాణినుంచి జరిగింది. వినటానికి తగిన యంత్రాలున్న ఇండ్లు ఆనాడు బహు స్వల్పం. 1993లో ఢిల్లీ, బొంబాయి వంటి నగరాలలో ఆకాశవాణి తన ఎఫ్.ఎం. సమయాన్ని గంటల లెక్కన ప్రైవేటువారికి అద్దెకిచ్చింది. అసలు తలుపు తెరచుకున్నది మాత్రం ఒక క్రికెట్టు తగాదా వల్ల. హీరో కప్పు పోటీలను టెలివిజనులో చూపే హక్కు ఎవరిదన్న విషయమై బెంగాలు క్రికెట్టు సంఘానికీ కేంద్ర ప్రభుత్వానికీ వచ్చిన వ్యాజ్యంలో 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆకాశంలోని తరంగాలు ప్రజల ఆస్తి. వాటిపై గుత్తాధిపత్యం ప్రభుత్వానికీ ఉండరాదు, ధనికులకూ ఉండరాదు అన్నది ఆ తీర్పు సారాంశం. ఆ ధర్మాసనంలో కూర్చుండి విడిగా తీర్పు వ్రాసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డిగారు తెలుగువారు. ప్రజల ఆస్తి అన్న మాట ఎంత గొప్పదో, దానిని వేలం వేయటం ఎంత తేలికో తరువాతి చరిత్ర చూపింది.

1999లో ప్రభుత్వం 40 నగరాలలో 108 మార్గాలను వేలానికి పెట్టింది. ఉత్సాహంలో పెద్ద పెద్ద మొత్తాలకు పాడినవారు తీరా లెక్కలు వేసుకొని వెనుకకు తగ్గారు. ఏటేటా చెల్లించవలసిన రుసుము, అది సంవత్సరానికి నూటికి 15 చొప్పున పెరగటం, రేడియోకు వచ్చే ప్రకటనల ఆదాయం అంతంత మాత్రమే కావటం, అన్నీ కలిసి వారిని భయపెట్టాయి. 2001 జూలైలో బెంగుళూరులో మొదటి ప్రైవేటు కేంద్రం మాట్లాడింది. ఆ విడతలో చివరికి నిలిచినవి 12 నగరాలలో 21 కేంద్రాలు. ఆ పన్నెండింటిలో విశాఖ ఒకటి. హైదరాబాదు లేదు! రాజధానికి లేని ప్రైవేటు ఎఫ్.ఎం. మన విశాఖకు ముందు వచ్చిందని ఆ రోజులలో మా కళాశాల ఉపాధ్యాయుల గదిలో గర్వించినవారు ఉన్నారు. నేనూ వారిలో ఒకడినే.

2005లో విధానం మారింది. ఒకేసారి ప్రవేశ రుసుము కట్టి, ఆపైన ఆదాయంలో నూటికి 4 వంతులు చెల్లించే పద్ధతి వచ్చింది. వ్యాపారం గిట్టుబాటైంది. 2006లో హైదరాబాదులో రేడియో సిటీ, రేడియో మిర్చి వెలిశాయి. విశాఖలో ఉన్న ఒక్క గొంతుకు తోడు మరికొన్ని గొంతులు చేరాయి. రెండు విడతలూ కలిపి దేశంలో 245 కేంద్రాలు నడిచే స్థితి వచ్చింది.

ఆ నగరపు జీవితంలో ఎఫ్.ఎం. ఎట్లా ఇమిడిపోయిందో చూచినవారికే తెలుస్తుంది. ద్వారకానగరు సందుల్లో క్షురకశాలలు, గాజువాక త్రోవలో ఆటోలు, పూర్ణా మార్కెట్టు దుకాణాలు, అన్నింటా అదే. సెల్‌ఫోనులలో ఎఫ్.ఎం. యంత్రం అమరిన తరువాత జేబుజేబుకూ రేడియో. చెవికి పెట్టుకునే తీగనే ఆ యంత్రం తరంగం పట్టే తీగగా వాడుకుంటుంది. తీగ ఊడదీస్తే మాట ఆగిపోతుంది. మా ఊరి గొట్టం ఒక్కటి మ్రోగితే ఊరంతా వినేది. ఇక్కడ బస్సులో నలభైమంది కూర్చుంటే నలభైమందీ విడివిడిగా వింటారు. ఒకరు నవ్వితే ప్రక్కవారికి కారణం తెలియదు.

వ్యాఖ్యాతల నేర్పును తక్కువ చేయను. ఆకాశవాణి వ్రాతప్రతి చూచి చదివింది, వీరు మాట్లాడారు. వినేవాడిని ఎదుట కూర్చోబెట్టుకొన్నట్టు పలకరించటం, అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న కాపలావానికి తోడుగా ఉండటం, రక్తం కావలసిన రోగి కబురు నిమిషాల మీద ఊరికి చేర్చటం, ఇవన్నీ వారి పుణ్యమే. పంతుళ్లమైన మనకు వారి దగ్గర నేర్చుకోదగినది ఉన్నది. వారిలో ఒక్కరైనా మనవలె నలభై అయిదు నిమిషాలపాటు ఎవరూ వినకపోయినా మాట్లాడుతూ పోరు.

కాని ఆ పలుకు ఏ ఊరిది? వినినకొద్దీ నాకు ఈ సందేహం బలపడింది. విశాఖలో విన్నా, విజయవాడలో విన్నా, హైదరాబాదులో విన్నా ఒకటే పలుకు. సగం ఇంగ్లీషు, పాతిక సినిమా, మిగిలిన పాతిక ఏ జిల్లాకూ చెందని తెలుగు. ఆ పాటలే మళ్లీ మళ్లీ. చట్టం కూడా వారి చేతులు కట్టివేసింది. ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలు సొంతంగా వార్తలు చెప్పరాదు. ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్టు మళ్లీ వినిపించవచ్చు. రాకపోకల రద్దీ, వాతావరణం, పరీక్షా ఫలితాలు, ప్రకృతి వైపరీత్యాల సమాచారం వంటివి చెప్పుకోవచ్చు. ఇంతమాత్రపు వెసులుబాటులో ఊరి గుట్టుమట్లు చెప్పటం కష్టమే. కాని పలుకుబడిని ఏ చట్టమూ నిషేధించలేదు గదా! అది వారంతట వారు విసర్జించినది.

పూర్తిగా విసర్జించినారనటం కూడా పొరపాటు. మా శ్రీకాకుళం యాస ఎఫ్.ఎం.లో వినబడుతూనే ఉన్నది, నవ్వించవలసినప్పుడు. పనిమనిషి, తాగుబోతు, పట్నం వచ్చి దారి తప్పిన అమాయకుడు, ఇటువంటి పాత్ర నోరు విప్పితే "ఏటి, ఎల్లిపోనాడేటి" అంటుంది. ఆ ప్రక్కనే చదువుకున్నవాడి పాత్ర నోట యాస ఉండదు. సినిమా మొదలుపెట్టిన అలవాటును రేడియో రోజుకు పదిసార్లు వల్లె వేసింది.

ఇక్కడ నా శిష్యురాలి కథ చెప్పాలి. టెక్కలి ప్రాంతపు రైతుబిడ్డ. ఎం.ఏ. తెలుగు మా కళాశాలలోనే చదివింది. పద్యం చదివితే తరగతి నిశ్శబ్దమయ్యేది. అంత చక్కని గొంతు. 2012 ప్రాంతాన విశాఖలో ఒక ప్రైవేటు కేంద్రంవారు వ్యాఖ్యాతలకోసం గొంతు పరీక్ష పెడితే వెళ్లింది. ఉదయం రెండు నిమిషాలు మాట్లాడించి, "గొంతు బాగున్నదమ్మా, కాని మీ యాస వస్తున్నది, అది మానుకోవాలి" అన్నారట. మధ్యాహ్నం మళ్లీ పిలిచారు. హాస్య సన్నివేశంలో పనిమనిషి వేషం ఉన్నదనీ, దానికి శ్రీకాకుళం యాస కావాలనీ, ఆమెకైతే సహజంగా వస్తుందనీ చెప్పారు. ఉదయం దోషమైనది మధ్యాహ్నానికి విద్య అయింది! ఆ అమ్మాయి నమస్కారం పెట్టి, సాయంకాలం బండికి తిరిగి వచ్చింది.

నాకు ఈ సంగతి చెప్పేటప్పుడు ఆమె నవ్వుతూనే చెప్పింది. నేను ఆ కేంద్రంవారిమీద మండిపడ్డాను. అప్పుడామె మెల్లగా, "మాస్టారూ, మొదటి సంవత్సరం నా వ్యాసంలో 'సెప్పినాడు' అని పడితే మీరు ఎర్రసిరాతో కొట్టివేశారు, గుర్తున్నదా?" అన్నది. గుర్తున్నది. పరీక్షలో మార్కులు పోతాయని కొట్టివేశానని సమాధానం చెప్పవచ్చు. చెప్పలేదు. ఆ కేంద్రంవారికీ వారి మార్కుల లెక్క ఒకటి ఉండి ఉంటుంది.

ఈ గడ్డమీద ఈ వాదం క్రొత్తది కాదు. మంత్రివర్గం అనుమతి ఇచ్చినది ఆగస్టు 28 అని పైన వ్రాశాను. మరునాడు ఆగస్టు 29 గిడుగు రామమూర్తిపంతులుగారి జన్మదినం, మనము తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకునే రోజు. ఆయన 1863లో శ్రీకాకుళానికి సమీపాన పర్వతాలపేటలో జన్మించారు. పుస్తకాలలో ఒక భాష, నోట ఒక భాష ఉంటే బడిపిల్లవాడు రెంటికీ చెడతాడన్నది ఆయన జీవితకాలపు వాదం. ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. పంతులుగారు వ్రాతకు కోరినది శిష్టుల వ్యావహారికం. ప్రతి పల్లె యాసనూ పుస్తకమెక్కించమని ఆయన అనలేదు. నేను ఈ వ్యాసం వ్రాస్తున్నదీ ఆ శిష్టభాషలోనే. కాని అదే పంతులుగారు, లిపి లేని సవర భాషను సవరల దగ్గర కూర్చుండి నేర్చుకొని, వారి పిల్లలకు వాచకాలు వ్రాసి, వ్యాకరణమూ నిఘంటువూ కూర్చినారు. ఎవరి నోటి మాటకు వారి బడిలో చోటుండాలని నమ్మినవాడు తప్ప ఆ శ్రమ పడడు.

సాహిత్యం ఆయన తరువాత ఇంకా ముందుకే నడిచింది. రావిశాస్త్రిగారి కథలలో ఈ ప్రాంతపు పలుకుబడి నవ్వులాటకు రాలేదు. న్యాయస్థానంలో బోనెక్కి బ్రతుకు చెప్పుకున్నది. 2020లో కన్నుమూసిన వంగపండు ప్రసాదరావుగారు ఈ యాసలోనే పాట కట్టి రాష్ట్రమంతటిచేతా పాడించారు. తప్పెటగుళ్లు, జముకులకథ వంటి కళలు ఈ యాస తీసివేస్తే నిలువవు. ఇంత జరిగినా, నోటిమాటమీదనే బ్రతికే రేడియో మాత్రం ఈ నోటిమాటను వాకిట నిలబెట్టింది. విచిత్రమేమంటే, దూరం పోయే పాత తరంగం మా ఊరి పేరు చదివింది. దూరం పోలేని క్రొత్త తరంగం, కేవలం ఊరికోసమే పుట్టినది, ఊరి మాటను తనలో చేర్చుకోలేదు.

ఇది అనివార్యమా అంటే కాదు. తెలంగాణలో జహీరాబాదు ప్రాంతాన మాచునూరు అనే పల్లెలో 2008 అక్టోబరు 15న సంగం రేడియో ప్రారంభమైనది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత స్త్రీలు నడిపిన కేంద్రం అది. 90.4 మెగాహెర్ట్జ్. విత్తనాలు, తిథులు, మందు మొక్కలు, పెండ్లిపాటలు, అన్నీ వారి పలుకులోనే. అనుమతికోసం వారు సుమారు పదేండ్లు నిరీక్షించారు. ఆ కాలమంతా కార్యక్రమాలు రికార్డు చేసి, టేపులు సంఘాలకు పంచి వినిపించుకున్నారు. కోర్టు చెప్పిన ప్రజల ఆస్తి అనే మాటకు నాకు తెలిసినంతలో మంచి వ్యాఖ్యానం అదే.

సంగం రేడియో సామాజిక రేడియో అనే తరగతికి చెందినది. 2002లో విద్యాసంస్థలకూ, 2006లో స్వచ్ఛంద సంస్థలకూ ప్రభుత్వం ఆ తలుపు తెరచింది. ప్రసారశక్తి నూరు వాట్లు, వినబడే దూరం పది పదిహేను కిలోమీటర్లు. కార్యక్రమాలలో కనీసం సగం స్థానికంగా తయారు కావాలి. సాధ్యమైనంతవరకు స్థానిక భాషలో, మాండలికంలో ఉండాలి. ఇది నా కోరిక కాదు, ప్రభుత్వ నిబంధనలలో ఉన్నది. యాసను వాకిట నిలబెట్టిన నగరపు కేంద్రాలకూ, యాసలో మాట్లాడమని చెప్పే ఈ నిబంధనకూ ఆధారం ఒకే తరంగం.

ఊరి రేడియో అనేది కేవలం భాషాభిమానుల ముచ్చట కాదని మాకు 2018లో తెలిసివచ్చింది. ఆ అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి తోటలు నేలవాలినాయి. జీడితోటలు కూకటివ్రేళ్లతో లేచిపోయాయి. మా బంధువుల ఊళ్లో రోజులతరబడి కరెంటు లేదు. సెల్‌ఫోను ఉన్నా పలుకదు. నాలుగవనాడు నేను వెళ్లేసరికి ఒక ముసలాయన అటకమీదినుంచి పాత ట్రాన్సిస్టరు దించి, క్రొత్త బ్యాటరీలు వేసి, అరుగుమీద పెట్టి కూర్చున్నాడు. చుట్టూ పాతికమంది. గరగరలోనుంచి ఆకాశవాణి మాట వినబడుతున్నది. విశాఖ ప్రైవేటు తరంగాలలో ఒక్కటీ అక్కడికి చేరదు. ఆకాశవాణి రాష్ట్రంలోని సహాయ కార్యక్రమాలన్నీ చెప్పింది. తమ ఊరికి నీళ్ల బండి ఎప్పుడు వస్తుందో అది చెప్పలేదు, చెప్పలేదు కూడాను. వారికి కావలసినది అదొక్కటే.

ఇప్పుడు శ్రీకాకుళానికి ప్రైవేటు మార్గాలు ప్రకటించారు. వేలంలో ఎవరు పాడతారో, ఎంతకు పాడతారో వేచి చూడాలి. నా భయం అసలు ఎవరూ పాడరేమోనని కాదు. ఈ ఊళ్లో ప్రకటనలిచ్చేవారు ఎవరు? నాలుగు బట్టల దుకాణాలు, రెండు మూడు నగల అంగళ్లు, కొన్ని ప్రైవేటు కళాశాలలు. అంత ఆదాయంతో ఇక్కడ గదులు కట్టి, మనుషులను పెట్టి, రోజంతా మాట్లాడించటం వ్యాపారికి భారం. ఒక యాజమాన్యం కింద ఉన్న కేంద్రాలన్నీ ఒకే కార్యక్రమాన్ని పంచుకోవటానికి 2011 నాటి విధానం వీలు కల్పించింది. అటువంటప్పుడు స్తంభం మాత్రం ఇక్కడ నాటి, మాట విశాఖనుంచో హైదరాబాదునుంచో తెచ్చుకోవటమే లాభసాటి. అప్పుడు ఏడురోడ్ల కూడలిలో నిలబడి వింటున్నవాడికి మధురవాడలో రద్దీ ఎక్కువగా ఉన్నదని తెలుస్తుంది.

మా జిల్లాలో ఇన్ని కళాశాలలున్నాయి, ఒక విశ్వవిద్యాలయమున్నది. సామాజిక రేడియోకు దరఖాస్తు పెట్టటానికి విద్యాసంస్థ అయితే చాలును. ఈ సంగతి మా సమావేశాలలో నేను రెండుసార్లు కదిపాను. రెండుసార్లూ బాగుందన్నారు. తరువాత పరీక్షల విధులు వచ్చాయి.

నా శిష్యురాలు ఇప్పుడు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితురాలు. పోయిన సంవత్సరం ఏదో పనిమీద ఆ బడికి వెళ్లాను. శనివారం. ప్రార్థన ముగిసిన తరువాత పిల్లలు కదలలేదు. ఒక అమ్మాయి మైకు ముందుకు వచ్చి బడి రేడియో అన్నది. లైసెన్సు లేదు, తరంగం లేదు. రెండు లౌడుస్పీకర్లూ ఒక మైకూ. ఒకడు ఊరి చెరువు గట్టు తెగిన సంగతి చెప్పాడు. ఒకతె తన అమ్మమ్మ చెప్పిన కథ చెప్పింది. "గుంటడొచ్చినాడు, సెప్పినాడు" అంటూ సాగిన ఆ కథకు ఎవరూ నవ్వలేదు, నవ్వవలసిన చోట తప్ప. చివర సీతంపేట కొండలనుంచి వచ్చి వసతిగృహంలో ఉంటున్న ఒక పిల్లవాడు ఆనాటి వాతావరణం సవర భాషలో చెప్పాడు. మొదటిసారి చెప్పిననాడు బడి అంతా గొల్లుమన్నదట. రెండవ వారం వాడు రానన్నాడు. మూడవ వారం ఆమె తానే వాని దగ్గర నాలుగు సవర మాటలు నేర్చుకొని, మైకులో తప్పుతప్పుగా పలికి, వానిచేత అందరి ఎదుటా దిద్దించుకున్నది. అప్పటినుంచి వాడే శనివారంకోసం ఎదురుచూస్తున్నాడు.

కార్యక్రమం అయిపోయిన తరువాత ఆమె నన్ను మైకు దగ్గరకు పిలిచి, పిల్లలతో, "మా మాస్టారు. ఏ ఊరో అడగండి" అన్నది. ముందు వరుసలోని గుంటడొకడు అరిచాడు: "ఏ ఊరు సారూ మీది?" నేను మా ఊరి పేరు మైకులో చెప్పాను.